మంగళం పాడనివ్వని మనిషి

పోయిన వారం మా గ్రంథాలయానికి ఒక కార్డు వచ్చింది. ఫలానా పెద్దమనిషి కాలం చేశారని, ఆదివారం సంతాప సభ పెడుతున్నామని, ఆయన "గ్రామ స్త్రీలకు వినోదం పంచిన తొలి వ్యక్తి" అని అందులో అచ్చు వేశారు. ఆ రోజుల్లో నేను ఆయన దగ్గర పనిచేశానని ఎవరో చెప్పారట. అడుగున సిరాతో ఒక మాట రాశారు: "తమరు రెండు మంచి మాటలు చెప్పాలి."

మూడు రోజులు వెతికితే ఒకటి దొరికింది. ఆయన ఎన్నడూ ఎవరినీ కేకలేసి తిట్టలేదు. రెండోది దొరకలేదు కాబట్టి సభకు వెళ్లడం లేదు. వెళ్తే ఏం చెప్పేవాణ్ణో అది ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధం రోజులు. నేను మేడ్చల్‌లో ఒక కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టేవాణ్ణి. బొల్లారం కంటోన్మెంటు నుంచి రద్దీ కాగితాలు, అంటే దొరలు చదివి పారేసిన పత్రికలు, బస్తాల్లో వచ్చేవి. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఆ బస్తాలే కాలేజీ. అల్వాల్‌లో ఒక చిన్న పఠనమందిరం ఉండేది. ప్రతి ఆదివారం నడిచి వెళ్లి అక్కడి నిఘంటువు ముందేసుకుని, వారమంతా పొట్లం కాగితాల మీద చూసిన ఇంగ్లీషు మాటలకు అర్థాలు వెతుక్కునేవాణ్ణి. అట్లా రెండేళ్లలో ఇంగ్లీషు పట్టుబడింది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. దాని వల్ల జరిగిన నష్టం కూడా గుర్తుంది.

ఆ పెద్దమనిషి సికిందరాబాదు సబ్బు కంపెనీ తరఫున మా దుకాణానికి వచ్చేవాడు. అందరూ సాబ్ అనేవారు. తెల్లటి షేర్వాణీ వేసుకునేవాడు. చాయ్ ఇస్తే చివరి గుక్క ఎప్పుడూ కప్పులోనే వదిలేసేవాడు. చిన్న గొంతుతో మాట్లాడేవాడు, వినాలంటే మనమే ముందుకు వంగాలి. ఊళ్లో ఆడవాళ్లు సబ్బు కొనడం లేదని ఆయన బాధ. కొనక ఏం చేస్తారు? తలకు కుంకుడుకాయ ఉంది, ఒంటికి శనగపిండి ఉంది, బట్టలకు చౌడు ఉంది. ఇంకో సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆయన కూడా తన సబ్బు వాడేవాడు కాదు. "మన సబ్బు ఒళ్లు పగులగొడ్తది పంతులూ" అన్నాడు ఒకసారి, నవ్వుతూ. చదువుతానని నన్ను పంతులూ అనేవాడు.

ఒకరోజు ఆయన ముందు నా చదువు ప్రదర్శించాలని బుద్ధి పుట్టింది. బెల్లం కట్టబోతున్న కాగితం తీసి, అమెరికా పత్రికలోని ఒక వ్యాసం అక్కడికక్కడే తెలుగు చేసి వినిపించాను. అమెరికాలో ప్రతి మధ్యాహ్నం, మగవాళ్లు పనికి పోయాక, ఇంట్లో ఉన్న ఆడవాళ్ల కోసం రేడియోలో ఒక కథ వస్తుందట. ఆ కథలను సబ్బు కంపెనీలు నడుపుతాయట. కథలో ఎవరికి పెళ్లి కావాలో, ఎవరు చావాలో, ఎవరికి మతి పోవాలో కంపెనీ పెద్దలు గదిలో కూర్చుని తేలుస్తారట. కథ ఎప్పుడూ ఏడుపు దగ్గరే ఆగుతుందట. కొన్ని కథలు మొదలై ఏళ్లు గడిచినా ముగియలేదట.

ఆయన ముందుకు వంగాడు. వినడానికి ఆయన వంగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఆఖరు మాట మల్ల చదువు."

"ఏళ్లు గడిచినా ముగియలేదు."

"ఆ కాయిదం నాకియ్యి. బెల్లం ఇంకోదాంట్ల కట్టు" అన్నాడు.

నెల తిరగకుండానే జోడెడ్ల బండి తయారైంది. పెట్రోలు దొరకదు కాబట్టి బండి. దాని మీద బ్యాటరీతో నడిచే మైకు, ఇత్తడి కొమ్ము. మంగళవారం మేడ్చల్‌లో, శుక్రవారం శామీర్‌పేటలో, మధ్యలో ఒకరోజు తూంకుంటలో. బువ్వలు తిని అంట్లు తోముకున్న ఆడవాళ్లకు కాస్త తీరిక దొరికే మధ్యాహ్నం వేళ. తాడు కట్టి లోపల చాపలు పరిచేవారు. సబ్బు పైకాగితం చూపించిన వాళ్లకు చాప. లేనివాళ్లు తాడు బయట ఎండలో నిలబడాలి. కథ రాసే పని నాకిచ్చాడు. పొట్లాలు కట్టేవాడు రచయిత అయ్యాడని నేను పొంగిపోయాను.

చెప్పడానికి బాలనర్సమ్మను తెచ్చాడు. నలభై దాటిన మనిషి. తంబుర భుజాన వేసుకుని ఊరూరా కథలు చెప్పే కుటుంబం. మగడు పోయాక తంబుర తనే ఎత్తుకుంది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. వాళ్లకొక కట్టు ఉంది. కథ మొదలుపెట్టేనాడు పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి తంబురకు, ఒకటి చేతికి కట్టుకుంటారు. కథ పూర్తయి, మంగళం పాడి, హారతి ఇచ్చాకే ఆ కంకణం విప్పాలి. చేతికి కంకణం ఉన్నన్నాళ్లు బాలింత గడప తొక్కకూడదు. కథలో ఆడది కష్టంలో ఉండగా చెప్పేమనిషి పురిటింట్లోకి పోతే ఆ కష్టం వెంటపోతుందని వాళ్ల నమ్మకం, వినేవాళ్ల నమ్మకం కూడా.

ఒప్పందం కాగితం నేనే రాశాను. సాబ్ చెప్పేదాకా కథ ముగించరాదు అని అందులో ఒక వాక్యం. చదివి వినిపిస్తే బాలనర్సమ్మ నవ్వి వేలిముద్ర వేసింది.

"ఏ కథ అయినా నెలకు మించదు కొడుకా. అంతకు మించితె వినెటోళ్లే తంతరు" అంది.

నీలవ్వ అనే సాలెవాళ్ల పిల్ల కథ అది. రాజుగారి ఉంగరం దొంగిలించిందని అబద్ధపు నేరం మోపి, నిండు చూలాలిని చెరలో వేస్తారు. మొదటి రోజే నాకు ఒక సంగతి అర్థమైంది. బాలనర్సమ్మ గొంతెత్తగానే మా సాబ్ బండికి వీపు తిప్పి నిలబడ్డాడు. కథ వినడం లేదు. చాపల మీద ఉన్న ముఖాలను చూస్తున్నాడు. జేబులోంచి పల్లీలు తీసి ఒక్కొక్కటే ఒలుచుకుంటూ, ఎవరి కొంగు నోటికి పోయిందో, ఎవరి చెయ్యి పక్కదాని భుజం పట్టుకుందో చూస్తున్నాడు. సరిగ్గా నాలుగైదు కొంగులు లేచేసరికి చిటిక వేశాడు. ఆ చిటికకు మైకు మనిషి తీగను సాబ్ చేతి మైకుకు తిప్పేయాలి. బాలనర్సమ్మ నోరు కదులుతూనే ఉంటుంది, కొమ్ములోంచి శబ్దం రాదు. వెంటనే ఆయన చిన్న గొంతు మైకులో వినిపిస్తుంది: "అమ్మలార, నీలవ్వకు చెరసాలల సబ్బు గూడ లేదు. మీకున్నది."

ఇది ప్రతి ఆటకూ జరిగేది. ఎక్కడ ఆపాలో ఆయనకు తెలిసినట్టు ఏ కవికీ తెలియదు. కథ మాత్రం ఆయన ఒక్క రోజూ వినలేదు. ఒకసారి నీలవ్వ పేరు మరిచిపోయి "గా జైలు పిల్ల" అన్నాడు.

"కథ కడుపు నింపొద్దు పంతులూ. ఆకలి పెంచాలె" అనేవాడు. నేను పుస్తకాల సంగతి ఎత్తితే, "నీ లైబ్రరీల పుస్తకాలకు ఆఖరు పేజీ ఉంటది. గందుకే అవి దుమ్ము పడ్తయి" అనేవాడు.

ఆయన వైపు మాట కూడా రాయాలి. "ఇంట్లకెళ్లి బయటికి రాని ఆడోళ్లు రెండు గంటలు నీడపట్టున కూసుంటున్నరు. మొగోళ్లకు కల్లు దుకాణం ఉన్నది, వీళ్లకేమున్నది? గిది పుణ్యం గాదా?" అనేవాడు. అందులో సగం నిజం. మచ్చ బొల్లారం నుంచి తూంకుంటకు నడిచి వచ్చే మరియమ్మ ఉండేది. కంటోన్మెంటులో దొరల పిల్లలను ఆడించే ఆయా. వారమంతా అక్కడ నోరు మూసుకుని బతికే మనిషి, కథ దగ్గర నోరు తెరిచి నవ్వేది. ఆ నవ్వు నేను చూశాను. కానీ చాప మీద కూర్చోవడానికి ఇంట్లో జొన్నలు దాచి తెచ్చి సబ్బుకు మార్చుకున్న ఆడవాళ్లను కూడా చూశాను. నీడ పుణ్యమైతే తాడు ఎందుకు కట్టాడు?

నెల దాటింది. రెండు, మూడు, నాలుగు నెలలు. నీలవ్వ చెరలోనే ఉంది. చెరలోకి పోయిననాడే ఏడో నెల. నేను కాన్పు రాసి ఇస్తే ఆయన కొట్టేసేవాడు. "కంటె నవ్వుతరు. నవ్వినోళ్లు లేచి ఇంటికి పోతరు."

ఒకరోజు తూంకుంటలో మరియమ్మ లేచి నిలబడి అరిచింది.

"ఓ బాలనర్సవ్వా! పదకొండు నెలలాయె! ఏనుగు కడుపా ఏందే గిది?"

ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. బాలనర్సమ్మ కూడా తంబుర మీద తల వాల్చి నవ్వింది. మా సాబ్ పల్లీలు ఒలవడం ఆపాడు. ఆ రోజు బండి కదిలాక నాతో, "వచ్చేసారి చెరసాలల పాము జొర్రాలె" అన్నాడు. పాము రాశాను.

బాలనర్సమ్మ మాత్రం ఆ నవ్వు తర్వాత మళ్లీ నవ్వలేదు. ఆమె బిడ్డను శామీర్‌పేటలో ఇచ్చారు. ఆ పిల్లకు నెలలు నిండాయి, మొదటి కాన్పు. తల్లి దగ్గరుండి పురుడు పోయాలి, చేతికేమో కంకణం. మరుసటి వారం కండ్లకోయ దగ్గర బండి ఆపి ఎడ్లకు నీళ్లు పెడుతుండగా ఆమె సాబ్ ముందు నిలబడింది.

"సాబ్, ఒక్క మంగళం పాడుకుంట. నీలవ్వను ఇంటికి తోలిచ్చి పాడుకుంట. మల్ల కొత్త కథ ఎత్తుకుందాం. నా బిడ్డకు దినాలు పడ్డయి."

"పాడుదువు తియ్యమ్మా. ఇంకొక్క వారం."

"పోయిన వారం గూడ గదే అంటివి."

"పరేషాన్ గాకు. కంకణం ఇప్పి కొంగుల కట్టుకొని పో. ఎవలు చూస్తరు?"

బాలనర్సమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "నువ్వు జూడవు సాబ్. నాకు ఎర్కనే" అంది.

ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే నేను ఇంత కాలం ఇంత కోపం మోసేవాణ్ణి కానేమో. చేతిలో ఉన్న పల్లీలు కొన్ని ఆమె చేతిలో పోసి, "తినమ్మా, ఎండల నిలబడ్డవు" అన్నాడు. ఆమె వాటిని ఎడ్ల ముందు పోసింది.

ఆ మంగళవారం మేడ్చల్‌లో కబురు అందింది. బిడ్డకు నొప్పులు మొదలయ్యాయి. అప్పటికే చాపలు నిండి ఉన్నాయి. బాలనర్సమ్మ తంబుర ఎత్తి, నేను రాసిచ్చిన కాగితం మడిచి రొంటిన దోపుకుని, పాము తల మీద నుంచే ఉంగరం బయటపడిందని చెప్పింది. రాజు తప్పు తెలుసుకున్నాడంది. చెర తలుపులు తెరిపించింది. నీలవ్వ అత్తగారింటి గడపలో కాలు పెట్టి మగపిల్లవాణ్ణి కన్నదంది. నాలుగు నెలలు సాగదీసిన కథను నాలుగు మాటల్లో ఒడ్డు చేర్చింది.

సాబ్ చిటిక వేశాడు. తీగ తిరిగింది. కొమ్ము మూగపోయింది. కానీ బాలనర్సమ్మ గొంతుకు ఏ కొమ్మూ అక్కర్లేదని ముందే చెప్పాను. మంగళం ఎత్తుకుంది. చాప మీద వాళ్లు అందుకున్నారు, తాడు బయట వాళ్లు అందుకున్నారు. ఎవరో చేతిలోని సబ్బు కాగితం మీదే కర్పూరం పెట్టి వెలిగించారు. ఆమె కంకణం విప్పి కళ్లకద్దుకుని, తంబురను బండిలోనే వదిలేసి శామీర్‌పేట దారి పట్టింది.

ఆ రోజు సాబ్ కోపంగా ఉంటాడనుకున్నాను. బండి చక్రానికి ఆనుకుని పల్లీలు ఒలుచుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"పంతులూ, గిదంత కల."

"ఏది?"

"చెర తెరుసుడు, కొడుకు పుట్టుడు. అంత గా పిల్లకు జైల్ల నిద్రల వచ్చిన కల. లేచి చూస్తె చుట్టూ గోడలే. రాయి."

రాశాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, రాస్తున్నప్పుడు ఆ ఎత్తు నాకు నచ్చింది. నీలవ్వ నిద్ర లేచి ఒడిలో బిడ్డ కోసం తడుముకోవడం నేను బాగా రాశాను. నీలవ్వ చెర తప్పిందన్న కబురు అప్పటికే శామీర్‌పేటకు చేరింది. శుక్రవారం అక్కడ, పట్నం నాటకాల కంపెనీ నుంచి తెచ్చిన ఒక ఆమె అది చదివింది. నా మాటలకు వందమంది ఆడవాళ్లు ఏడ్చారు. వాళ్లలో ముందు చాప మీద బాలనర్సమ్మ వియ్యపురాలు కూర్చుని ఉందని నాకు తెలియదు.

ఆమె ఆ చాప మీద నుంచి లేచి నేరుగా ఇంటికి పోయి, మూడో రోజు బాలింత పక్కన కూర్చుని ఉన్న బాలనర్సమ్మను లేపి బయటికి పంపింది. బండి సర్దుకుంటుంటే ఊరివాళ్లు చెప్పగా నేను వెళ్లి చూశాను. ఇంటి ఎదురుగా, దారి అవతల, మట్టిలో కూర్చుని ఉంది. లోపల పసిపాప ఏడుస్తోంది. ఆమె ఏడవడం లేదు. నన్ను చూసి, "కల అని చెప్పిన్రట గద కొడుకా" అంది. అంతే.

పరుగున వచ్చి సాబ్‌తో చెప్పాను. ఇప్పుడైనా కథ ముగిద్దామని, ఒక్కసారి మైకులో మంగళం పాడిద్దామని బతిమాలాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"మట్టిల కూసున్నదా? లోపల పిల్ల ఏడుస్తాందా?"

"అవును సాబ్."

"మస్తుగుంది. గది రాయి. నీలవ్వ తల్లిని గూడ గట్లనే చెరసాల బయట కూసోబెట్టు."

పుస్తకాల్లో నేను ఎందరో దుర్మార్గుల గురించి చదివాను. వాళ్లు మీసం మెలేస్తారు, పళ్లు నూరుతారు. ఈయన మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, ఎండ తగలకుండా నన్ను బండి నీడలోకి జరిపాడు.

నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. వియ్యపురాలు గడపకు అడ్డంగా నిలబడింది.

"అవ్వా, గా కల అబద్ధం. నేనే రాసిన. సాబ్ రాయమంటె రాసిన. కథ మంగళారమే అయిపోయింది" అన్నాను.

"నా చెవులతోని విన్న. మైకుల చెప్పిన్రు. నీలవ్వ ఇంక జైల్లనే ఉన్నది."

"అది ఉత్తదే. కాయితం మీది మాట."

"మరి నాలుగు నెలల సంది మా కండ్లల్లకెళ్లి కారింది గూడ ఉత్తదేనా?" ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "రాసినోనివి నువ్వేనంటివి గద. పెట్టినోనివి నువ్వే తియ్యి. ఈడనే, నా గడపల నిలబడి చెప్పు. అందాక ఆమె లోపలికి రావద్దు. నాకు మాత్రం సంబురమా? నా మనుమరాలు, నా కోడలు."

నిజమే, ఆమె కళ్లలో పగ లేదు. భయం ఉంది. ఆ భయాన్ని అమ్ముకున్నది మేము.

చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చేరారు. రాయడమే గానీ పదిమంది ముందు ఒక్క మాట చెప్పి ఎరగను. చివరికి మొదలుపెట్టాను. నీలవ్వ తన ఇంట్లో, తన నులకమంచం మీద, కొడుకును పక్కలో వేసుకుని నిద్రపోతోంది. నిద్రలో పీడకల వచ్చింది. మళ్లీ చెరలో ఉన్నట్టు, చుట్టూ గోడలున్నట్టు, ఒడిలో బిడ్డ లేనట్టు. ఉలిక్కిపడి లేచింది. చెయ్యి చాపి చూస్తే పక్కలో బిడ్డ వెచ్చగా ఉన్నాడు. మీరు శుక్రవారం మైకులో విన్నది ఆ పీడకల. లేచింది. పోయింది. ఇక రాదు.

"మంగళమో?" అంది వియ్యపురాలు.

నాకు మంగళం రాదు. అల్వాల్ పఠనమందిరంలోని బీరువాలన్నీ చదివాను, మంగళం ఎట్లా ఎత్తుకోవాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. ఏదో గొంతు పెట్టాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు దారి అవతల నుంచి బాలనర్సమ్మ సన్నగా శ్రుతి అందించింది. దాన్ని పట్టుకుని, ఆమె ఒక్కో చరణం చెప్తుంటే వెనక అనుకుంటూ చివరిదాకా పాడాను. వియ్యపురాలు లోపలి నుంచి హారతి పళ్లెం తెచ్చి తిప్పింది. తర్వాత గడపలోంచి పక్కకు జరిగి, "రా వదినా. పిల్లకు తానం పొయ్యాలె, నీళ్లు కాగినయి" అంది.

బాలనర్సమ్మ చీర దులుపుకుని లోపలికి పోయింది. నా వైపు చూడలేదు. చూడకపోవడమే న్యాయం.

ఇక మీ దగ్గర రాయనని చెప్పడానికి సాబ్ దగ్గరికి వచ్చాను. బండి కట్టి సిద్ధంగా ఉంది. కోపంతో ఊగిపోతూ మొత్తం చెప్పాను. గడప, పీడకల, రాని మంగళం, హారతి, అన్నీ. ఆయన మొదటిసారి ఒక కథను మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. మధ్యలో చిటిక వెయ్యలేదు. నేను ఆగాక, ఆ చిన్న గొంతుతో అడిగాడు:

"ఎందరు ఆడోళ్లు జమయిన్రు?"

"ఏడుగురు" అని చెప్పాను. ఎందుకు చెప్పానో, ఆయన పోయిన ఈ రోజుక్కూడా నాకు తెలియదు.